పదిహేడు డిగ్రీల పసుపు గీత

లోపలికి వెళ్లినవాళ్లంతా రెండు నిమిషాల్లో నవ్వుకుంటూ బయటికొచ్చేస్తున్నారు. భానుశ్రీకి ఒళ్లు మండేది అందుకే. డార్క్‌రూమ్ తలుపుకి కట్టిన నల్లగుడ్డ పక్కకి జరుగుతుంది, ఒకడు కళ్లు చికిలిస్తూ వరండాలోకి వస్తాడు, ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డ రాజీవ్ వైపు చూసి తల ఊపుతాడు, రాజీవ్ కూడా తల ఊపుతాడు, లోపల్నుంచి ఘోష్ సార్ గొంతు ఇంకో పేరు పిలుస్తుంది. అంతే, పని జరిగిపోతోంది. ఏప్రిల్ మధ్యాహ్నం, ఢిల్లీ ఎండ వరండా సగం దాకా వచ్చి కూర్చుంది. కూలర్ ఉంది గానీ దాని మూతి గోడవైపు తిరిగి ఉంది, ఈ కాలేజీలో చేరినప్పట్నుంచీ అది గోడకే గాలి విసురుతోంది, ఫిజిక్స్ ఆనర్స్ చదివే మహానుభావులు ఇంతమంది ఉండి ఒక్కరూ దాన్ని ఇటు తిప్పలేదు. తనకీ తోచలేదు, ఇప్పుడే తోచింది, ఇప్పుడు లేచి తిప్పితే అందరూ చూస్తారని మళ్లీ కూర్చుండిపోయింది. సార్ ఇవాళ రోల్ నంబర్లు చివర్నుంచి పిలుస్తున్నారు, కాబట్టి మొదట్లో ఉండే తన వంతు ఆఖర్న వస్తుంది. ఎప్పుడూ లేనిది ఇవాళే ఎందుకు తిరగేశారో. ముందే పిలిచి ఉంటే నోటికొచ్చింది ఏదో ఒకటి చెప్పేసి బయటపడేది, ఇప్పుడు కూర్చుని ఆలోచించాల్సి వస్తోంది.

ఉదయం క్లాసులో సార్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, తిట్లు తినేసి ఊరుకునేవాళ్లు. రికార్డులన్నీ దిద్దానని, సోడియం దీపం వెలుతురు కొలత అందరికీ అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందని, ఇంత మంచి క్లాసు తన సర్వీసులో చూడలేదని చెప్పారు. వెనక బెంచీలో ఎవడో చప్పట్లు కూడా కొట్టబోయాడు. అప్పుడు సార్ జేబులోంచి గ్రేటింగ్ తీశారు. గ్రేటింగ్ అంటే పెద్ద యంత్రమేం కాదు, కంటికి కనపడనంత సన్నగా గీతలు గీసిన చిన్న గాజు పలక, దానిగుండా వెలుతురు పోతే రంగులు విడిపోయి ఒక్కో రంగు ఒక్కో కోణంలో కనపడుతుంది. గీతలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే రంగు అంత పక్కకి జరుగుతుంది. సార్ చూపించిన పలక మూల విరిగి ఉంది. ఇది జనవరిలో విరిగింది, దీని బదులు గీతలు తక్కువున్నది నేనే తెచ్చి బిగించాను, ఎన్ని గీతలో రాసి స్టాండు మీద అంటించిన చీటీ మార్చడం మర్చిపోయాను అన్నారు. కొత్త పలకతో పసుపు గీత ఇరవై డిగ్రీల దగ్గర కనపడే ప్రసక్తే లేదట. మరి మీ అందరి కళ్లకీ ఇరవై దగ్గరే ఎలా కనపడిందో నాకు తెలుసుకోవాలని ఉంది, మధ్యాహ్నం ఒక్కొక్కరే వచ్చి మళ్లీ చూసి, ఎక్కడ కనపడిందో చెప్పండి, ఫిబ్రవరిలో ఏం చేశారో కూడా చెప్పండి అన్నారు. ఎక్కడ కనపడుతుందో మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా భానుశ్రీకి తెలుసు. క్లాసు మొత్తంలో ఆ క్షణాన తెలిసినది తనొక్కతికే. పదిహేడు.

తెలిసినందుకు సంతోషించాలా ఏడవాలా అప్పట్నుంచీ అర్థం కావడం లేదు. ఎందుకంటే ఫిబ్రవరిలో ఆ సాయంత్రం తను నిజంగానే చూసింది. రాజీవ్ తన ల్యాబ్ పార్టనర్, క్లాసుకి లీడర్ కూడా, రోహతక్ కుర్రాడు, మంచివాడే, ఆకలికి మాత్రం ఆగలేడు, నువ్వు చూసెయ్ యార్ నేను మోమో తినేసి వస్తా అని పోయినవాడు పోయినట్టే. తనొక్కతే ఆ చీకటిగదిలో దూరదర్శిని గొట్టాన్ని చిన్నగా తిప్పుకుంటూ పోతే పదిహేడు దగ్గర వచ్చింది, జంటగా, సన్నగా, రెండు పసుపు గీతలు. ఎంత బాగున్నాయో. కాసేపు కొలవడం కూడా మర్చిపోయి చూసింది. కొలిచి, చీటీ మీదున్న అంకె వేసి లెక్క కడితే, వచ్చిన జవాబు ఆకుపచ్చ రంగుది. కళ్లేమో పసుపంటున్నాయి, లెక్కేమో ఆకుపచ్చంటోంది. మళ్లీ బల్ల సమం చేసింది, సందు సన్నం చేసింది, అద్దం తుడిచింది, మళ్లీ చూసింది, మళ్లీ పదిహేడే. ల్యాబ్ మూసే టైమైంది. ఫోన్లో సీనియర్ అక్క పంపిన రికార్డు ఫోటో ఉంది, అందులో ఇరవై చిల్లర. ఇంకేం ఆలోచించలేదు. ఇరవై రాసేసింది. రాయడం కూడా ఏమాత్రం అనుమానం రాకుండా, ఒక్కో రీడింగు కొంచెం అటూ ఇటూ జరిపి, చివర్లో ఒక శాతం తప్పు కూడా కలిపింది, మరీ ఖచ్చితంగా ఉంటే బాగోదని. ఇంటర్ నుంచీ చేతికి అలవాటైన పనే. జవాబు ముందు పెట్టుకుని వెనక్కి లెక్క కట్టుకుంటూ రావడం, దాన్నే పిల్లలు రీడింగులు వండటం అంటారు, ఇక్కడ ఢిల్లీవాళ్లు ఇంకేదో అంటారు, పేరేదైనా వంట ఒకటే. రాజీవ్ తర్వాత తనదే చూసి ఎక్కించుకున్నాడు, వాడిది చూసి ఇంకో నలుగురు.

వండేటప్పుడు సిగ్గనిపించలేదు. అదీ తనకి ఇప్పుడు కడుపు మండే సంగతి. చీటీ తప్పేమో అని ఒక్క క్షణం అనిపించినా చాలు, ఆ పదిహేడునీ పసుపునీ పట్టుకుని వెనక్కి లెక్క కడితే పలక మీద గీతలెన్నో తేలిపోయేవి, మర్నాడు సార్ దగ్గరికెళ్లి మీ చీటీ తప్పండీ అని చెప్పి ఉండేది. ఫిజిక్స్ అంటే అదే కదా. దానికోసమే కదా అంతమందితో గొడవపడి ఇంత దూరం వచ్చింది. తీరా అది ఎదురుగా వచ్చి నిలబడితే, చీటీ తప్పయ్యే అవకాశం ఉందని తోచనే లేదు, యంత్రం తప్పని తోచలేదు, తోచిందల్లా తనే తప్పని. ఎంత సులువుగా తోచిందో.

ఫోన్ గుర్రుమంది. క్లాసు గ్రూపు. రాజీవే పెట్టాడు, అందరూ సెవెంటీన్ పాయింట్ వన్ చెప్పండి, ఫిబ్రవరిలో ఏ గ్రేటింగ్‌తో చేశారంటే ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ బీరువాలో దొరికిన పాతదానితో అనండి, అందరిదీ ఒకే మాట. కింద బొటనవేళ్లు లేస్తున్నాయి వరసగా. మొదట లోపలికెళ్లినవాడు చూసొచ్చి చెప్పిన అంకె అది, ఆ తర్వాత వెళ్లినవాళ్లు కన్ను కూడా పెట్టి ఉండరు. వండినందుకు మళ్లీ చూడమంటే అది కూడా వండేస్తున్నారు. భానుశ్రీకి నవ్వొచ్చింది, ఆ వెనకే నవ్వు విషమైపోయింది. తను అంత కష్టపడి చూసి, భయపడి, తుడిచేసిన పదిహేడు ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతోంది. అది నాదిరా అని అరవాలనిపించింది. ఎలా అంటుంది, రికార్డులో తన సొంత చేత్తో ఇరవై రాసిపెట్టాక.

నాది అనుకున్నవేవీ తనవి కాకుండా పోవడం కొత్తేమీ కాదు. తునిలో నాన్న పనిచేసే ఆర్టీసీ డిపో ఆవరణలో వానపడితే నీళ్లమీద డీజిల్ పరుచుకుని రంగులు తేలేవి, ఊదా, ఆకుపచ్చ, బంగారం రంగు, కాలితో కదిపితే రంగులు స్థలాలు మార్చుకునేవి. ఎందుకలా అని నాన్నని అడిగితే డీజిల్ కదమ్మా అన్నాడు. ఇంటర్‌లో విశాఖ హాస్టల్లో లెక్చరర్ని అడిగితే అది ఒక మార్కు బిట్, జవాబు గుర్తుపెట్టుకో చాలు అన్నాడు. ఆ రెండేళ్లూ బిట్లే తిన్నారు, బిట్లే తాగారు. ర్యాంకు వచ్చింది, గొప్పది కాదు, ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చదవడానికి సరిపోయేది. వద్దు, బీఎస్సీ ఫిజిక్స్ చదువుతాను, ఢిల్లీలో, అని తను అన్నరోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. బీఎస్సీ అనేది ఒకళ్లు కోరి చదివే చదువని తమ వీధిలో నమ్మిన మనిషి లేడు. "ఏటమ్మా, బీటెక్ సీటు రాలేదా పాపం" అని కిరాణా కొట్టాయన దగ్గర్నుంచి పెళ్లిళ్లలో పెద్దమ్మల దాకా అడిగారు. రాలేదు అంటే జాలి, వచ్చినా వద్దన్నాను అంటే అబద్ధమనుకుని ఇంకా ఎక్కువ జాలి. అమ్మ కొన్నాళ్లు తట్టుకుని చూసి, తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. భానుశ్రీ ఉండేది జియా సరాయ్‌లో అద్దెగది కాబట్టి, అది ఐఐటీ ప్రహరీ పక్కనే కాబట్టి, ఎవరడిగినా మా అమ్మాయి ఢిల్లీలో ఐఐటీ దగ్గర ఉంటోందండీ అంటుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. వినేవాళ్లు వాళ్లకి కావలసింది వినుకుంటారు. ఊరికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు తమ్ముడికి ఐఐటీకి ఎలా చదవాలో చెప్పమ్మా అని పట్టుకొస్తారు, అమ్మ వెనకనుంచి కళ్లతో బతిమాలుతుంది, భానుశ్రీ చెబుతుంది.

ఇక్కడేమన్నా మెరుగా అంటే అదీ లేదు. ఆదివారాలు అశోకా రోడ్డులో తెలుగువాళ్ల క్యాంటీన్‌కి భోజనానికి వెళితే, పప్పూ గోంగూరా చూసేసరికి ప్రాణం లేచొస్తుంది, పక్క కుర్చీ అంకుల్ ఎవరో మనమ్మాయే అని పలకరిస్తాడు, ఏం ప్రిపేరవుతున్నావమ్మా అంటాడు. చదువుతున్నావా అనడు, ప్రిపేరవుతున్నావా అంటాడు. ఢిల్లీలో తెలుగు పిల్ల కనపడితే అది కలెక్టరు పరీక్షకే వచ్చి ఉండాలి. లేదంకుల్ ఫిజిక్స్ అంటే, ఓహో ఆప్షనల్ ఫిజిక్సా, కష్టం కదమ్మా అని నెయ్యి వేయించుకుంటాడు. రూమ్మేట్ తేజశ్రీది కరీంనగర్, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి దాన్ని చెప్పు విడిచినట్టు విడిచి సివిల్స్‌లో పడింది. నిన్న పొద్దున పళ్లు తోముకుంటూ తేల్చి చెప్పేసింది. "ఏందే నీ లొల్లి, మూడేండ్లు చదివినవ్, డిగ్రీ తీస్కో, బయటికి రా, నాతోని కూసో. నాలుగో ఏడు చదివి ఏం జేస్తవ్, గా ల్యాబ్‌ల దీపాలు తుడుస్తవా?" తేజశ్రీ అన్నదాంట్లో కోపం లేదు, నిజమే ఎక్కువ ఉంది. భానుశ్రీ బకెట్ తీసుకుని స్నానానికి పోయింది.

సంగతంతా ఆ నాలుగో ఏడు దగ్గరే ఉంది. ఇప్పుడు పద్ధతి మారింది, మూడేళ్లతో డిగ్రీ పట్టుకుని పోవచ్చు, లేదా నాలుగో ఏడు ఉండి ఒక సార్ కింద సొంతంగా ప్రాజెక్టు చేయవచ్చు. ఉంటారో పోతారో పోర్టల్‌లో ఇవాళ సాయంత్రంలోగా నొక్కాలి. నోయిడాలో ఉండే మల్లికార్జున బాబాయి, నాన్న తమ్ముడు, సాఫ్ట్‌వేర్, తనకి డేటా కోర్సులో సీటు కూడా మాట్లాడేశాడు, ఆరునెలల్లో ఉద్యోగం, నా మాట విను భానూ, ప్యాషన్ అనేది వీకెండ్స్‌కి పెట్టుకో అన్నాడు. బాబాయి కూతురు పక్కనుంచి దీదీ ఈజ్ సో బ్రేవ్ అంది, పదో క్లాసు పిల్ల, అది మెచ్చుకోలో వెక్కిరింపో తేలలేదు. ఒకళ్లు జాలిపడతారు, ఒకళ్లు మెచ్చుకుంటారు, ఒకళ్లు సలహా ఇస్తారు, నీకు అది ఇష్టమా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా ఏం చెప్పేదో. ఇష్టమని చెప్పుకుని చెప్పుకుని ఆ మాట అరిగిపోయింది. చివరికి భానుశ్రీ ఒక తెలివైన పని చేశాననుకుంది, నిర్ణయం ఘోష్ సార్ నెత్తిన పెట్టేసింది. ఆయన ప్రాజెక్టుకి తీసుకుంటే ఉంటుంది, తీసుకోకపోతే పోతుంది. పోయినవారం అడిగితే ల్యాబ్ అయ్యాక మాట్లాడదాం అన్నారు. ఆ ల్యాబే ఇది.

ఎందుకాయనే అంటే, మొదటి సంవత్సరంలో ఒకరోజు ఆయన బోర్డు మీద పల్చటి పొర బొమ్మ గీసి, పైనుంచి ఒక కిరణం, అడుగునుంచి ఒక కిరణం వెనక్కి తిరిగొచ్చి కలుసుకున్నప్పుడు ఏ రంగు బతుకుతుంది, ఏ రంగు చస్తుంది అని లెక్క కట్టుకుంటూ పోయారు. డిపోలో నీళ్లమీద డీజిల్. అదే. ఒక మార్కు బిట్టుగా మింగించింది బోర్డంతా పరుచుకుంది. భానుశ్రీ తల దించుకుని ఏడ్చింది ఆవేళ, పక్కనున్న అమ్మాయి ఇంటిమీద బెంగనుకుని బిస్కెట్లు ఇచ్చింది. ఆ ఏడుపు మళ్లీ రాలేదు. దాని మీదే మూడేళ్లు నెట్టుకొచ్చింది. తర్వాతంతా చెమటే, ఇంగ్లీషు చెమట, హిందీ చెమట, కలనగణితం చెమట. పైగా ఇక్కడివాళ్లకి ఒక నమ్మకం, సౌత్ నుంచి వచ్చిన పిల్లకి లెక్కలు పుట్టుకతో వస్తాయని. తొలివారంలోనే ఎవడో అరె యార్, తూ తో సౌత్ ఇండియన్ హై, నీకేం బాధ అన్నాడు. అది పొగడ్త అనుకుని నవ్వింది, అక్కడే దెబ్బతింది. ఆ తర్వాత ఏది అర్థం కాకపోయినా చేయి ఎత్తలేకపోయింది. అన్నీ వచ్చినమ్మాయి డౌట్ అడిగితే ఎలా. గదికెళ్లి వీడియోలు పెట్టుకుని, తెల్లారి అన్నీ వచ్చినట్టు మొహం పెట్టుకుని కూర్చునేది. ఊళ్లో సీటు రాని పిల్ల, ఇక్కడ అన్నీ వచ్చిన పిల్ల, అశోకా రోడ్డులో కాబోయే కలెక్టరు. ఇన్ని వేషాల మధ్య ఆ సాయంత్రం కంటికి పదిహేడు కనపడితే దాన్ని పట్టుకుని నిలబడటానికి అసలు మనిషంటూ ఎవరున్నారు. వేషాలన్నింటికీ కావలసింది సరైన జవాబు. పదిహేడు సరైన జవాబులా లేదు, కాబట్టి తీసేసింది.

పోయిన నెల ఇదే వరండాలో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటు నుంచి ఒకమ్మాయి వచ్చి, సైన్స్ చదివే పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తారు, ఎందుకు ఉండిపోతారు అని పరిశోధన చేస్తున్నాను, ఈ ప్రశ్నలకి టిక్కులు పెట్టండి దీదీ అంది. నన్ను నేను సైన్స్ మనిషిగా భావిస్తాను, పూర్తిగా ఒప్పుకుంటానా, కొంత ఒప్పుకుంటానా. నేను సైన్స్ మనిషినని ఇతరులు గుర్తిస్తారు. మార్కులు రాకపోయినా నేను ఈ సబ్జెక్టులో కొనసాగుతాను. భానుశ్రీ నిలబడే అన్నింటికీ పూర్తిగా ఒప్పుకుంటాను పెట్టేసి క్యాంటీన్‌కి పోయింది. ఆ అమ్మాయి ఎంత సంబరంగా థ్యాంక్స్ చెప్పిందో. అక్కడా వండేసింది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో కూర్చుని ఆ టిక్కుల సగటు కట్టి, ఫిజిక్స్ అమ్మాయిల్లో ఆత్మవిశ్వాసం బహు బాగుందని రాస్తూ ఉంటుంది. తలుచుకుంటే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. తన మీదే వస్తోంది, వచ్చి ఎక్కడా ఆగడం లేదు, అమ్మ మీదికి పోతోంది, బాబాయి మీదికి పోతోంది, చీటీ మార్చని ఘోష్ సార్ మీదికీ పోతోంది. చూస్తే మొదటి తప్పు ఆయనదే కదా. ఒక కాగితం ముక్క మార్చడానికి తీరిక లేదు గానీ అందరినీ వరండాలో నిలబెట్టడానికి ఉంది.

పిలుపులు దగ్గర పడ్డాయి. రాజీవ్ వంతు అయిపోయింది, వాడు ఎంత సేపున్నాడు, చెప్పులు విప్పి తొడుక్కునేంత. బయటికొచ్చి భానుశ్రీ పక్కన కూర్చుని, నీళ్ల సీసా ఇచ్చి, బీరువా మాట మర్చిపోవద్దని చెప్పాడు. భానుశ్రీ సీసా మూత తిప్పుతూ, ఆ రోజు నాకు పదిహేడే వచ్చింది అంది. వాడికి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. అర్థమయ్యాక మొహం మారిపోయింది, జాలిగా చూశాడో భయంగా చూశాడో. "అయితే లోపల అది చెప్పకు భాను. నువ్వొక్కదానివి నిజం చెబితే మిగతా అందరం అబద్ధాలకోరులం. ప్రాక్టికల్ మార్కులు పోతాయి, నాకు ఎమ్మెస్సీ సీటుకి జామ్ పరీక్ష ర్యాంకు ఉంది, డిగ్రీ ఆగిపోతే ఆ సీటు పోతుంది." హిందీలో అన్నాడు, మెల్లిగా, దాదాపు బతిమాలుతున్నట్టు. అమ్మ కూడా ఇలాగే కళ్లతో బతిమాలుతుంది. అందరికీ తను నోరు మూసుకుంటేనే జరుగుబాటు. సీసా మూత బిగించి వాడి చేతికిచ్చేసింది. లోపల్నుంచి పేరు వినపడింది.

నల్లగుడ్డ దాటితే ఏమీ కనపడలేదు. దీపం గుయ్యిమంటున్న చప్పుడు, పాత చెక్క వాసన, సార్ తెల్లచొక్కా ఒకటి. స్టూలు తడిమి కూర్చుంది. కంటిగాజు మీదికి వంగబోతుంటే సార్ ఆగమన్నారు, తొందర లేదు, చీకటికి కళ్లు అలవాటు పడాలంటే కాసేపు పడుతుంది, ఇవాళ అంతసేపు ఎవరూ కూర్చోలేదు అన్నారు, నెమ్మదిగా నమిలినట్టుండే తన ఇంగ్లీషులో. అంటే ఆయనకి తెలుసు. తలుపు దాటినప్పట్నుంచీ అందరూ ఏం చెబుతున్నారో, ఎలా చెబుతున్నారో అన్నీ తెలిసే కూర్చున్నారు. భానుశ్రీ చీకట్లో కూర్చుంది. మెల్లగా బల్ల అంచు తేలింది, తర్వాత ఇత్తడి చక్రం, తర్వాత తన చేతులు. అప్పుడు కన్ను పెట్టి కుడివైపు తిప్పుకుంటూ పోయింది. వచ్చాయి. రెండూ, జంటగా, అదే చోట, ఎక్కడికీ పోకుండా. టార్చి వెలిగించి చక్రం మీద గీతలు చదివి చెప్పింది. పదిహేడు డిగ్రీలు, పైన కొంచెం. సార్ రాసుకోలేదు.

ఫిబ్రవరిలో ఏ గ్రేటింగ్‌తో చేశావని అడిగారు. బీరువా అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. రాజీవ్ మొహం, వాడి నీళ్ల సీసా, వాడి ర్యాంకు. పోనీ వాళ్ల సంగతి ఎత్తకుండా తన సంగతి మాత్రం చెబితే కుదరదా, కుదరదు, పదిహేడు ఉందంటే ఇరవై లేదనే. ఎవరి గురించీ నేను మాట్లాడటం లేదు సార్, నా గురించే, అని మొదలుపెట్టింది.

"ఇదే గ్రేటింగ్ సార్. ఆ రోజు కూడా పదిహేడే వచ్చింది. ఇరవై అని రాశాను."

ఎందుకన్నారు. చీటీ, టైమ్ అయిపోవడం, సీనియర్ రికార్డు, అన్నీ వరసగా నిలబడ్డాయి, ఒక్కటీ నోట్లోంచి రాలేదు. తప్పు నాదే అనుకున్నాను సార్ అంది. చీటీ నా తప్పు, దాన్ని నేను అందరి ముందూ ఒప్పుకున్నాను, ఇది నీది అన్నారు ఆయన. తిడతారేమో అని చూసింది, తిట్టలేదు. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటారేమో అని కూడా చూసింది, లోపల ఎక్కడో ఆ ఆశ ఉన్నట్టు అప్పుడే తెలిసి సిగ్గేసింది.

"చూడకుండా రాసినవాళ్లకి చూడటం నేర్పగలను," అన్నారు సార్. "నువ్వు చూశావు. చూసి కొట్టేశావు. నీకు నేనేం నేర్పను?"

ప్రాజెక్టుకి ఇంకెవరినైనా అడగమని, ఇక వెళ్లవచ్చని అన్నారు. తెల్లచొక్కా కదిలింది, మిగిలిన పేర్లలో తర్వాతది చూసుకుంటున్నారు కాబోలు.

అయిపోయింది. తీసుకోకపోతే పోతుంది అనుకుంది కదా, తీసుకోలేదు, లేచి పోవాలి. పోర్టల్, బాబాయి కోర్సు, తేజశ్రీ పక్కన బల్ల, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. వచ్చింది కోపం, అదీ చిల్లరగా ఊరంతా తిరిగే ఇందాకటి కోపం కాదు, ఒకచోట నిలబడ్డ కోపం. ఈయనెవరు తను ఉండాలో పోవాలో తేల్చడానికి. తనే ఆయన నెత్తిన పెట్టింది, ఆయన అడగలేదు. ఆయన తీసుకున్నా తీసుకోకపోయినా ఆ గీతలు అక్కడే ఉన్నాయి, తను ఇరవై రాసి కొట్టేసిన తర్వాత కూడా, ఎవరూ చూడని ఈ రెండు నెలలూ, ఈ చీకట్లో అక్కడే ఉన్నాయి. వాటిని ఇంకా చూడాలని ఉంది. చేతులు ఇత్తడి చక్రం మీదనుంచి లేవడం లేదు, లేవమని తను అనడమూ లేదు. ఉంటుంది. ఈయన కాకపోతే ఇంకో సార్ దగ్గర, ఆయనా వద్దంటే ఆ పై సార్ దగ్గర, ఎవరో ఒకరు ఔననేదాకా తలుపులన్నీ కొడుతుంది. అమ్మకి కూడా ఫోన్ చేసి, ఇకమీదట ఎవరడిగినా బీఎస్సీ అని చెప్పమంటుంది. అదంతా తర్వాత. ముందు ఇక్కడ పని సగమే అయింది. ఏ కోణమైనా కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొలిచి సగటు కట్టాలి, పలక కాస్త వంకరగా నిలబడి ఉంటే ఒక్కవైపు చూస్తే తెలియదు. ఆ సాయంత్రం కంగారులో ఎడమవైపు పోనే లేదు.

"సార్, ఎడమవైపు రీడింగు ఇంకా తీసుకోలేదు," అంది.

దాంతో ఇప్పుడేం తేలుతుందన్నారాయన. కోణం తేలుతుంది సార్ అని, జవాబు కోసం చూడకుండా వంగి, గొట్టాన్ని మెల్లగా రెండోవైపు తిప్పడం మొదలుపెట్టింది. నడిమి పసుపు వెలుగు దాటింది, ఆ తర్వాతంతా చీకటి, ఏమీ లేని చీకటి, తొందరపడితే గీత జారిపోతుంది. బయట ఆలస్యమవుతోందని ఎవరో తలుపు కొట్టారు, రాజీవే అయి ఉంటాడు. మళ్లీ కొట్టారు. భానుశ్రీ తల ఎత్తలేదు. సార్ లేచిన చప్పుడైంది, నల్లగుడ్డ జరగలేదు, వెలుతురు లోపలికి రాలేదు. గుడ్డ ఇవతల్నుంచే ఆయన బయటివాళ్లని ఆగమని చెప్పడం వినపడింది.

"రుకో. రీడింగ్ చల్ రహీ హై."